కొత్త కంప్యూటర్‌కు పాత దారి

మా వదినతో ఇల్లు మారడమంటే నాకు ఒళ్ళుమంట. సామాను దిగగానే ఎవరైనా డబ్బాలు సర్దుకుంటారు. ఆవిడ మాత్రం టీ పెడుతుంది. పొయ్యి ఎడమవైపు పెట్టి ఒకసారి, కుడివైపుకి జరిపి ఇంకోసారి. ఎటు పెడితే తిరుగుడు తగ్గుతుందో చూశాకే ఏ డబ్బా ఎక్కడో తేలుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏదీ కదపదు. "వంటింటికి కూడా ఇంటర్వ్యూ ఏంటే?" అని అన్నయ్య ఏడిపించేవాడు.

ఆవిడ ఉద్యోగమూ అలాంటిదే. నేను పనిచేసే ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం పంపే సంకేతాలను బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ వదిన రాసిందే. అందులోది ఫూరియర్ లెక్క: కలగలిసిపోయిన తరంగాల్లో ఏది ఎంతుందో విడదీసి చెప్పడం. ఒక్క ఊపున చేస్తే తెమలదు. అందుకని ముక్కలు చేసి, ఆ ముక్కల్నీ ముక్కలు చేసి, లెక్క కట్టి మళ్ళీ కలుపుతారు. ఎలా ముక్కలు చేయాలన్నదానికి దారులు బోలెడు. ఏది త్వరగా అవుతుందన్నది కంప్యూటర్‌ను బట్టి మారుతుంది. కాబట్టి వదిన సాఫ్ట్‌వేర్ ఏ కంప్యూటర్‌లో అడుగుపెట్టినా ముందు రకరకాల దారుల్లో ఆ లెక్క చేసి, గడియారం చూసుకుని, గెలిచిన దారిని గుర్తుపెట్టుకుంటుంది. ఆవిడ బుర్రకు నేనెప్పుడో దణ్ణం పెట్టేశాను, పైకి చెప్పలేదంతే.

ఈమధ్య అన్నయ్యకు గుండె కవాటం చెడింది. కొత్త ఇంటికి మారిన వారమే స్కానింగ్. వదినకు శ్రమెందుకని అన్నయ్య పాత ఇంట్లో ఉన్నట్టే వంటిల్లు సర్దించేశాడు. ప్రతిదానికీ వెనక్కి తిరగాల్సి వస్తున్నా ఆవిడ అలాగే వండుతోంది.

స్కానింగ్ గదిలోనూ కొత్త కంప్యూటర్ వచ్చింది. అన్నయ్య ఊపిరి బిగబట్టి ఉండగానే గుండె కదలిక తెరమీద కనబడాలి, అది చూస్తూ డాక్టరమ్మ కోణం సరిచేయాలి. బొమ్మేమో నత్తనడక. అది వచ్చేసరికి అన్నయ్యకు దగ్గు. మళ్ళీ ప్రయత్నించాం, మళ్ళీ దగ్గే.

"ఇంకొక్కసారి చూద్దాం. రాకపోతే రక్తనాళంలోంచి గుండెలోకి గొట్టం పంపాల్సిందే. ఈ పరిస్థితిలో తట్టుకుంటారో లేదో," అంది డాక్టరమ్మ.

కంప్యూటర్ దగ్గరున్న వదిన ఇటు తిరిగింది. "తప్పు నాదేనండీ. పేషంట్లు ఆగుతున్నారని పాత కంప్యూటర్‌కి కుదిరిన దారే దీనికీ ఎక్కించేశాను. దీని దారి దీన్ని వెతుక్కోనివ్వాలి. కాస్త ఆగండి."

"మనిషి లోపల పడుకుని ఉంటే ఇప్పుడా పరీక్షలు?" అంది డాక్టరమ్మ.

మా మాటలన్నీ వినబడుతున్నట్టున్నాయి, మైకులో అన్నయ్య పలికాడు. "ఆగుదాం డాక్టరుగారూ. ఈలోపు నేనూ ఊపిరి కూడదీసుకుంటా."

వదిన పాత దారిని చెరిపేసి, కొత్త కంప్యూటర్‌తో ఒక్కో దారీ పరీక్ష చేయించసాగింది. "ఇక చాల్లే వదినా, మొదలుపెడదాం" అని నేను గొణిగినా తల తిప్పలేదు. చివరికి, "ఇప్పుడు బిగబట్టమను" అంది.

అన్నయ్య బిగబట్టాడు. తెరమీద గుండె కొట్టుకోవడం మొదలైంది. డాక్టరమ్మ కోణం మార్చింది, కవాటం స్పష్టంగా కనబడింది. "చాలు, ఊపిరి వదిలేయండి" అంది. వదిన కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఆవిడను చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను.

ఇంటికెళ్ళాక అన్నయ్య వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాడు.

"ఒరేయ్, ఆ డబ్బాలన్నీ కిందకి దించు," అన్నాడు నాతో. తర్వాత వదిన వైపు తిరిగి, "టీ పెట్టు. ముందు ఎడమవైపు," అన్నాడు.