విత్తనానికి దాచిన మాత్రలు

మా అత్త పోయి పదిహేను రోజులైంది. పాపిరెడ్డిపట్టి దగ్గరి మా అనప చేలో, మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. ఫోనులో ఆ మాట వినగానే నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆ ఎండకు పోవద్దని పొద్దునే చెప్పాను. వింటేగా! ధర్మపురిలో బస్సెక్కి, దిగి, చేనిదాకా నడిచే పోయింది.

ఆ నడక కోసం మేము పడిన పాట్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండేళ్ళ కిందట ఆమె మోకాలికి కృత్రిమ కీలు వేశారు. కొన్ని వారాలకే అది వాచింది. లోపల క్రిములు చేరాయా, ఊరికే వాచిందా తేలలేదు. ముదిరితే కీలు తీసేయాలన్నారు. సేలంలో ఒక స్కాను చేయించమన్నారు. క్రిములను చంపే మందుకే కాస్త రేడియోధార్మికత జతచేసి సూదితో ఎక్కిస్తారు. క్రిములున్న చోట మందు నిలిచి, కెమెరాలో వెలుగుతుంది. ముందు రెండు వారాలు అలాంటి మందేదీ మింగకూడదు. ఏది మింగాలో, ఏది కూడదో నేను మందుల పుస్తకంలో పూటపూటకూ రాసిపెట్టాను.

స్కాను బల్ల ఎక్కబోతూ ఆమె డాక్టరుతో తీరిగ్గా చెప్పింది, "నిన్న రెండు మాత్రలు ఏసుకుంటిని సార్. ఇంట్లో ఉండేవే."

ఇక ఫొటో తీసినా నమ్మలేమని, రెండు వారాల తర్వాత రమ్మని పంపేశారు.

ఆమె ఏ మందూ చివరిదాకా మింగేది కాదు. ఆఖరి రెండు మాత్రలు విత్తనాలు దాచే ఎండు సొరబుర్రలో వేసేది. ఇప్పుడు మింగినవీ అందులో దాచిన పాత క్రిముల మందే.

"ఏం అత్తా ఇది?" అన్నాను బస్సులో.

"ఉండేదంతా తినేస్తే విత్తనానికి ఏముంటాది? సుమ్మా ఉండు అమ్మణ్ణీ," అని నా నోరు మూయించబోయింది.

"మాత్ర నాటితే మొలుస్తాదా?"

"నొప్పి మొలుస్తాది కదా మళ్ళా! అప్పుడు నీ పుస్తకం మింగల్లనా?"

స్కాను అయ్యేదాకా బుర్రను బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండోసారి, సూది వేసిన గంటకు మోకాలంతా వెలిగింది. ఇదంతా క్రిములేనా అని అడిగాను. వాచిన చోటికి మందు ఎలాగూ వస్తుందని, రేపటికి ఎంత నిలుస్తుందో చూడాలని అక్కడి టెక్నీషియను అన్నాడు. అత్త నా వైపు తిరిగింది.

"సావింటికి అందురూ వస్తారు. మర్నాడు ఎవురుండారో సూడల్ల."

మర్నాటికి కీలు పక్కన ఒక్క చుక్క మిగిలింది. అక్కడ కోసి కడిగారు. కీలు దక్కింది. మూడు నెలల మాత్రలు నేనే నోట్లో వేసి, నీళ్ళు తాగించి, పుస్తకంలో టిక్కు పెట్టాను. "పోలీసమ్మా" అని సణిగేది. నడక వచ్చాక, నా చేతి బొటనవేలు నొప్పని చేలోనే అనపకాయలు ఒలిచి తెచ్చేది. ఒక మాట అనేలోపు గిన్నెలో పోసి పోయేది.

నిన్న చుట్టాలంతా వెళ్ళాక సొరబుర్ర వంచాను. అనప గింజలతో పాటు ఒక గుడ్డముడి పడింది. లోపల ఆ మూడు నెలల మందువే రెండు మాత్రలు. నోట్లోంచి తీసి ఎండబెట్టినట్టు అంచులు కరిగి ఉన్నాయి. పుస్తకం తెచ్చి చూశాను. ఒక్క గడి ఖాళీ లేదు.