బిళ్ల బ్యాటరీ తీసిన మధ్యాహ్నం

కంప్యూటర్ విప్పే ముందు దాని మీద అరచేయి ఆనించి కాసేపు ఊరుకుంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మణుగూరులో నేను పనిచేసే రిపేరు షాపులో అది గమనించింది ముత్తమ్మ ఒక్కతే.

పోయినేడు, తొలకరికి ముందు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. బొగ్గు లారీలు వెళ్తుంటే షాపు అద్దం సన్నగా వణుకుతోంది. అడవి లోపలి కోయల ఊరి నుంచి ముత్తమ్మ, ఆమె కూతురు సుశీల ఆటోలో వచ్చారు. పాత చీరలో చుట్టిన సీపీయూ ముత్తమ్మ ఒళ్లో ఉంది. మూట విప్పగానే షాపంతా ఇప్పపువ్వు వాసన.

"కరెంటు పోయొచ్చింది మేడం. అప్పటిసంది ఫ్యాన్ తిరుగుతది, బొమ్మ రాదు," అంది సుశీల. "మా నాన్న పాట దీంట్లనే ఉంది. ఇంకెక్కడా లేదు."

విత్తనాల పండుగకు ఆ ఊళ్లో పాట ఎత్తుకునేది ఆయనే. చలికాలంలో పోయాడు. ఈసారి సుశీల పాడాలి. ఆమెకు సగమే వచ్చు.

నేను చేయి ఆనించాను.

"ఏంది బిడ్డా, జరమొచ్చిందా దానికి?" అంది ముత్తమ్మ.

సిగ్గుతో తల వంచుకుని స్క్రూలు విప్పాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టినా తెర వెలగలేదు. ఇక మిగిలింది బయోస్ రీసెట్. బయోస్ సెట్టింగులంటే కంప్యూటర్ నిద్రలేవగానే మొదట చూసుకునేవి. అవి చెదిరితే అక్కడే ఆగిపోతుంది. ప్లగ్ పీకి, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీస్తే అవి చెరిగి మొదటికొస్తాయి.

బ్యాటరీ తీయబోతుంటే ముత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అన్నీ మర్సిపోతదా? ఆయన గొంతు గూడనా?"

"లేదు పెద్దమ్మా. తారీఖు, ఇంకొన్ని గుర్తులు మర్చిపోతది. పాట వేరే ఉంటది, హార్డ్‌డిస్క్‌ల."

"రూపాయి బిళ్లంత లేదు. గింతదానికి గంత అలకనా," అని చేయి వదిలింది.

కొత్త బ్యాటరీ వేసి బటన్ నొక్కాను. నల్లటి తెర మీద నీళ్లలోంచి తేలినట్టు తెల్లటి అక్షరాలు వచ్చాయి. తొందరలో తారీఖు పెట్టకుండానే సెట్టింగులు సేవ్ చేశాను. ముందు పాటను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాత ప్లే నొక్కాను.

కోయ మాటలు నాకు అర్థం కాలేదు. మధ్యలో ఒక దగ్గు, దూరంగా కోడి కూత. సుశీల పెదవులు కదులుతున్నాయి.

"తెర మూలకు గా అంకెలేంది?" అంది ముత్తమ్మ.

"తారీఖమ్మా. పాతది చూపెడుతది. నేను బడికి పోతున్నప్పటిది."

"అంటే దాని లెక్కల మీ నాయిన ఇప్పుడు చేన్ల ఉన్నడు," అంది ముత్తమ్మ సుశీలతో.

తారీఖు సరిచేయకుండా మిషన్ పంపకూడదని పని నేర్చుకునేటప్పుడు చెప్పారు. ఎంతసేపు ఆగవచ్చో ఎవరూ చెప్పలేదు. అలవాటుగా మౌస్ అందుకున్నాను. ముత్తమ్మ మళ్లీ నా మణికట్టు పట్టుకుంది.

"పాట అయ్యేదాంక ఉండనియ్ బిడ్డా."