ఏడు చింతగింజలు

చండ్రుగొండ మెయిన్ రోడ్డు మీద ఒక రేకు బోర్డు ఉంది. ఎర్రటి అక్షరాలతో 'చాంద్ పాషా – అన్ని రకాల కాయిల్ వైండింగ్ చేయబడును' అని ఉండేది. అందులో చాంద్ పాషా అనే మనిషి ఉన్న మాట నిజం, వైండింగ్ చేయబడే మాటా నిజం. ఆ రెండింటికీ సంబంధం ఉందన్నదే అబద్ధం. ఇరవై రెండేళ్లుగా ఆ షాపుకొచ్చిన ఫ్యాన్లు, బోరు మోటార్లు, బండ్ల డైనమోలు వెనక గుమ్మం దాటి ఇంట్లోకి పోయేవి. అక్కడ ఆయన భార్య బేగం కాలిపోయిన తీగ విప్పి కొత్త రాగి తీగ చుట్టేది. చుట్టింది చాంద్ పాషా చేతుల మీదుగా ముందు గుమ్మం లోంచి బయటికొచ్చేది. పేరు కూడా ఆ చేతులకే వచ్చేది.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను వాళ్ల పక్కింటి శారదను. బ్లౌజులు కుడతాను. రెండు పెరళ్ల మధ్య గోడ నడుము ఎత్తు కూడా లేదు. వాళ్లింట్లో మాట్లాడుకునేది ఉర్దూ. కొట్లాట వస్తే మాత్రం ఇద్దరూ తెలుగులోకి దిగుతారు, పక్కింటివాళ్లు సాక్ష్యానికి పనికొస్తారని కాబోలు.

బేగం పనికి ఒక పద్ధతి ఉంది. పక్కన రెండు గిన్నెలు, ఒక దాంట్లో చింతగింజలు. నూరు చుట్లు కాగానే ఒక గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వెళ్తుంది. అప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. ఒకసారి మా చుట్టం చచ్చిపోయిన కబురు చెబుదామని గోడ దగ్గరికి పోతే, వేలెత్తి ఆగమంది. ఆ గింజ పడేదాకా నా ఏడుపును నేను పట్టుకుని నిలబడ్డాను. అలాంటి మనిషి.

ఇక బండి సంగతి. కల్లూరులో వీరబాబు అని ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. దగ్గర దగ్గర యాభై ఏళ్ల నాటి మోటార్ సైకిల్ ఒకటి తెచ్చి, 'మా తాతగారి బండి' అని చెప్పుకుంటాడు. వాళ్ల తాత జన్మంతా ఎడ్లబండి తప్ప ఇంకోటి ఎక్కలేదని కల్లూరంతా ఎరుగుదురు. ఈ బండి పాత ఇనుప సామాన్ల కొట్టులో కోళ్లు పడుకుంటుంటే కొన్నాడు. దసరాకు దానికి బండి పూజ చేయించాలి, పండగ తర్వాత మూడో ఆదివారం ఖమ్మం నుంచి భద్రాచలం దాకా జరిగే పాత బండ్ల ర్యాలీలో నడపాలి, ఇదీ ఆయన కోరిక. ర్యాలీలో దారి పొడవునా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండాలట. ఎర్రటి ఎండలో ఆ లైటు ఎవరికి దారి చూపిస్తుందో నిర్వాహకులకే తెలియాలి.

"చాంద్ పాషా, నాకు ఎక్కడా ఇనుము కనపడకూడదయ్యా" అన్నాడు వీరబాబు. "మొత్తం రంగే ఉండాలి."

చాంద్ పాషాకు ఆ మాట చాలు. ఒకటి ఒప్పుకోవాలి, రంగు వేయడంలో ఆయన్ని మించినవాడు ఏన్కూరు దాకా లేడు. దసరా ముందు వారం ట్రాక్టర్లు, ఆటోలు, మోటార్ సైకిళ్లు షాపు ముందు వరస కట్టేది ఆయన చేతి నేర్పుకే. బండిని ముక్కముక్కలుగా విప్పాడు. డైనమో కాయిల్ కాలిపోయి ఉంటే లోపలికి పంపాడు. బేగం ఏడు గింజలు లెక్కపెట్టి చుట్టింది. ఆయన ఫ్రేముకు మెరూన్ రంగు మూడు పూతలు వేశాడు. బోల్టు కూర్చునే చోటు, బోల్టు దూరే బొక్క, ఏదీ వదల్లేదు. పండగ రోజు వీరబాబు గుమ్మడికాయ కొట్టి, కుంకుమ పెట్టి, ఫొటోలు దిగాడు.

నాలుగో రోజు ఏన్కూరు దాటగానే బండి ఆగిపోయింది. ట్రాలీ ఆటో ఎక్కి షాపుకొచ్చింది.

జబ్బేమిటో తెలిసిపోయింది, కారణమే తెలియలేదు. హెడ్‌లైట్ పైన చిన్న మీటరు ఉంటుంది. ఇంజన్ నడుస్తుంటే దాని ముల్లు కుడివైపుకు జరగాలి. జరిగితే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతున్నట్టు. ఈ బండికి ముల్లు కదలడం లేదు. బ్యాటరీ ఉన్నదంతా ఖర్చు పెట్టి పడుకుంటోంది. కొత్త బ్యాటరీ వేశారు, అదీ పడుకుంది. చాంద్ పాషా ఫోన్లో ఎవరో హిందీ మెకానిక్ వీడియో రెండుసార్లు చూసి, వైర్లన్నీ మార్చాడు. ముల్లు కదల్లేదు. ఫ్యాన్ కోసం తండా నుంచి వచ్చిన భీమ్లా అదంతా చూసి, "దిష్టి తగిలినట్టుంది సార్, బండి మరీ మెరుస్తుంది గద" అన్నాడు. వీరబాబు వెంటనే నిమ్మకాయలు, మిరపకాయలు దండ కట్టించి హ్యాండిల్‌కు వేలాడదీశాడు. లక్షల రూపాయల వంతెనలు కట్టే మనిషి.

ర్యాలీకి ఇక ఆరు రోజులుంది. "ఏంటయ్యా ఇది, నీ పనితనం ఇదేనా?" అని వీరబాబు నలుగురిలో గట్టిగా అడిగాడు. అప్పుడు చాంద్ పాషా అన్న మాట నేను బటన్ల కోసం పక్క కొట్టులో నిలబడి నా చెవులతో విన్నాను.

"ఏం చెప్పాలె సార్. ఇంట్ల ఆడోళ్లతోని కాయిల్ చుట్టిస్తే గిట్లనే ఐతది."

ఇరవై రెండేళ్లలో ఆ పని ఆమెదని బజార్లో చెప్పడం ఆయనకు అదే మొదటిసారి. మంచికి ఎప్పుడూ గుర్తుకురాని పెళ్లాం చెడుకు చటుక్కున గుర్తుకొచ్చింది. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, బటన్లు తీసుకుని ఇంటికొచ్చాను. ఆ బోర్డు అబద్ధమని ఇన్నేళ్లూ తెలిసి నోరెత్తని దాన్ని, ఆ రోజు మాత్రం ఎత్తుతానా?

సాయంత్రం గోడ అవతల తెలుగు మొదలైంది.

"లెక్క తప్పినవ్ బేగం."

"నేను తప్పలే."

"మరి ముల్లెందుకు కదుల్తలేదు?"

"ముల్లునే అడుగుండ్రి. నన్నెందుకు అడుగుతున్నరు?"

మర్నాడు ఆమె నన్ను పిలిచింది. "అక్కా, నువ్వు జెర సాక్షిగ కూసో." తను చుట్టిన కాయిల్‌ను తనే విప్పడం మొదలుపెట్టింది. చుట్లు నేను లెక్కపెట్టాలి, నూరుకో గింజ వేయాలి. నాకు నడుం పట్టేసింది గాని లెక్క తప్పనివ్వలేదు. ఏడు గింజలు. ఒక్క చుట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు. మళ్లీ మొదటినుంచి చుట్టింది. చాంద్ పాషా దాన్ని బిగించి కిక్ కొట్టాడు. ముల్లు పడుకునే ఉంది.

"ఇగ చాలు" అన్నాడాయన గుమ్మంలో నిలబడి. "రేపటి సంది వైండింగ్ అంతా ఖమ్మం పంపుత. నీ చెయ్యి పోయింది. నువ్వు వంట చేస్కో."

బేగం గింజలన్నీ ఒక గిన్నెలో పోసి, దాని మీద మూత పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూడడం అదే మొదలు. ఆ పని పోతే ఆమె దగ్గర ఇంకేం మిగలదు. ఇంట్లో వంట చేసే బేగం ఎవరైనా కావచ్చు, ఆ గిన్నెల ముందు కూర్చునే బేగం మాత్రం ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున ఖమ్మం పోయే బస్సు కోసం చాంద్ పాషా డైనమో విప్పడానికి కూర్చున్నాడు. వీరబాబు కుర్చీలో, భీమ్లా మెట్టు మీద. అప్పుడు బేగం చున్నీ నెత్తిన కప్పుకుని, వెనక గుమ్మంలోంచి కాదు, వీధిలోంచి చుట్టు తిరిగి షాపు ముందుకొచ్చింది. చేతిలో చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఇంకో చేతిలో చిన్న కత్తి. నేను కత్తెర పక్కన పడేసి పరుగెత్తాను.

"విప్పకుండ్రి. స్టార్ట్ చేయుండ్రి" అంది.

నలుగురి ముందు కాబట్టి ఆయన కిక్ కొట్టాడు. సీటు కింద రెగ్యులేటర్ డబ్బా ఉంటుంది. డైనమోలో పుట్టిన కరెంటును బ్యాటరీకి వదిలేది అదే. ఆమె బల్బు వైరు ఒకటి డైనమో నుంచి ఆ డబ్బాకు వచ్చే తీగకు పెట్టి, రెండోది ఇంజన్‌కు ఆనించింది. బల్బు భగ్గున వెలిగింది.

"నా కాయిల్ ఇది. చూసిండ్రా?"

రెండో వైరును ఇంజన్ మీద నుంచి తీసి డబ్బా ఒంటికి ఆనించింది. బల్బు ఆరిపోయింది. ఇంజన్‌కు పెడితే వెలుగు, డబ్బాకు పెడితే చీకటి. మూడుసార్లు చూపించింది.

"డబ్బా బండికి అంటుకోలే" అంది. "ఎర్త్ లేదు. ఎర్త్ లేకుంటే అది కరెంటు వదలది."

"బోల్టు గట్టిగ బిగించినగా!" అన్నాడు చాంద్ పాషా.

ఆమె ఇంజన్ ఆపమని, పానాతో ఆ బోల్టు తనే విప్పి డబ్బా పక్కకు జరిపింది. కింద మెరూన్ రంగు, మూడు పూతలు, అద్దంలా మెరుస్తోంది. కొత్త రాగి తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది, కొస గీకకుండా కలిపితే కరెంటు దాటదు. ఇరవై రెండేళ్లుగా ఆమె కొసలు గీకుతున్నది ఆ చిన్న కత్తితోనే. దాన్ని రంగు మీద పెట్టింది.

"ఏయ్, ఏయ్, రంగు!" అని వీరబాబు కుర్చీలోంచి లేచాడు.

"మీకు రంగు కావాల్నా సార్, లైటు కావాల్నా?"

ఆయన కూర్చున్నాడు. ఆమె రూపాయి బిళ్లంత మేర తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకి, డబ్బా మళ్లీ బిగించింది. చాంద్ పాషా కిక్ కొట్టాడు. ముల్లు ఒకసారి వణికి, కుడివైపుకు జరిగి అక్కడే నిలిచింది.

"ఇగ నిమ్మకాయలు తీసెయ్యొచ్చా సార్?" అన్నాడు భీమ్లా. మళ్లీ ఏ కల్మషమూ లేకుండా, "గంత మందం రంగు ఎవరేసిండ్రు?" అని అడిగాడు.

చాంద్ పాషా సీటు తుడుస్తూ, "నాకు ముందుగాలనే డౌటుండె, ఎర్తేనేమో అని" అన్నాడు. బేగం ఆయన వంక ఒక్క చూపు చూసి, బల్బు తీసుకుని ముందు గుమ్మంలోంచే లోపలికి పోయింది.

ర్యాలీకి వీరబాబు తోలు కోటు వేసుకుని వెళ్లాడు, ఆ ఎండకు ఉడికిపోయి తిరిగొచ్చాడు. బండి మాత్రం భద్రాచలం దాకా వెలుగుతూ పోయింది, వెలుగుతూ వచ్చింది. తప్పు స్వయంగా తనే కనిపెట్టానని అక్కడ అందరికీ చెప్పాడట. చెప్పుకోనీ, తాతనే కొనుక్కున్నవాడికి ఇదొక లెక్కా?

ఇక్కడ మాత్రం ఆరు ఫ్యాన్లు, రెండు మోటార్లు గుమ్మంలో పేరుకుపోయాయి. బేగం గింజల గిన్నె మూత తీయలేదు. అన్నం వండుతోంది, పెడుతోంది, అంతే. ఆయన చెప్పిన మాటే వింటోంది. అయిదో రోజు చాంద్ పాషా గోడ దగ్గరికొచ్చాడు.

"శారదక్కా, జెర నువ్వన్న చెప్పరాదు. తప్పైంది అన్ననని చెప్పు."

"భాయ్, బజార్ల అన్న మాటను గోడ కాడ వాపస్ తీసుకుంటవా?" అన్నాను. ఇన్నేళ్లకు నోరు పెగిలింది నాకు.

తెల్లారి నిచ్చెన వేసుకుని బోర్డు ఎక్కాడు. మిగిలిన మెరూన్ రంగుతో తన పేరు కింద ఖాళీలో 'మరియు బేగం' అని చిన్నగా, ముద్దుగా రాశాడు. రాసి ఆమెను పిలిచాడు. బజారంతా చూస్తోంది. ఆమె వచ్చి తలెత్తి చదివి, లోపలికి పోయి ఆ చిన్న కత్తి తెచ్చి ఆయన చేతికి అందించింది.

"గీకుండ్రి."

"ఏంది, నీ పేరా?"

"మీ పేరు. నా పేరు ఆడ పెద్దగ రాయుండ్రి. మీది కింద రాస్కోండ్రి, రంగులు వేయబడును అని. అది మీరు మంచిగనే చేస్తరు."

నిచ్చెన మీద ఆయన కాసేపు అటూ ఇటూ చూశాడు. దిగే దారిలో ఆమె నిలబడి ఉంది. గీకడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ల రంగు, అంత తేలిగ్గా ఊడిరాలేదు. కింద తెల్లటి రేకు కనపడేసరికి చెమటలు పట్టాయి.

మధ్యాహ్నం వంట ముగించి, ఆమెకు శుభం చెబుదామని గోడ దగ్గరికి వెళ్లాను. రెండు గిన్నెలూ బయట ఉన్నాయి, ఒళ్లో భీమ్లా ఫ్యాన్ ఉంది. నేను నోరు తెరవబోయేసరికి వేలెత్తి ఆగమంది. గింజ పడేదాకా నిలబడ్డాను.