వదిన బిగించిన మీటరు అద్దాలు

మొన్నటి సోమవారం పొద్దున మా ఆయన గడపలో నిలబడి "మీ వదిన పోయింది" అంటే, "ఏడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఇద్దరం కలిసి ఏడుపాయల గుడికి పోదామని ముందురోజే అనుకున్నాం. నన్ను విడిచిపెట్టి ఒక్కతే బస్సెక్కిందా అని కోపం కూడా వచ్చింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా నన్నే చూస్తూ నిలబడిపోతే, అప్పుడు అర్థమైంది.

చాయ తాగుతూ ఛాతీ బరువుగా ఉందన్నదట. గోడకు ఒరిగిందట. మా అన్న రిక్షా పిలుచుకొచ్చేసరికి అంతా అయిపోయిందట. ఈ "అట"లు రాస్తుంటే ఎవరి సంగతో రాస్తున్నట్టుంది. ఆదివారం సాయంత్రం మా వంటింట్లో కూర్చొని ఉల్లిగడ్డలు కోసి, నా కూరలో ఉప్పు ఎక్కువైందని నవ్విన మనిషి. తలలో తెల్ల వెంట్రుక కూడా సరిగ్గా రాలేదు.

మెదక్‌లో మోటార్ సైకిల్ ఉన్నవాళ్లలో మా వదినను ఎరగనివాళ్లు తక్కువ. హ్యాండిల్ నడుమ ఉండే స్పీడు మీటరు అద్దం పగిలితే మా అన్న దుకాణానికే తెచ్చేవాళ్లు. దుకాణం అన్నదే గానీ అద్దాల పని వదినది. కుల్చారం దగ్గరి పల్లెలో వరినాట్లు వేసిన చేతులు అవి. పెళ్లయి వచ్చిన కొత్తల్లో మోటార్ సైకిల్ చప్పుడు వింటే తలుపు చాటుకు పోయేది.

అన్న గడియారాలు బాగుచేసేవాడు. ఊళ్లోకి మోటార్ సైకిళ్లు రావడం మొదలయ్యాక, ముల్లు ఉంది కాబట్టి ఇదీ గడియారం లాంటిదే అనుకొని మీటర్లు కూడా ఆయనకే తెచ్చిచ్చేవాళ్లు. ఒకనాడు ఒక కాంట్రాక్టరు బండి వచ్చింది. మీటరు అద్దం నిలువునా పగిలి ఉంది. అన్న స్క్రూడ్రైవర్‌తో చుట్టూ ఉన్న రింగు లేపుతుంటే అద్దం టప్పుమని విచ్చుకొని, ఒక పెంకు కుడికంట్లో పడింది. ఇక్కడి దవాఖాన నుంచి హైదరాబాద్ తీసుకుపోయారు. కన్ను దక్కలేదు.

ఇంటికొచ్చి అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే తినడు, పలకరిస్తే పలకడు. ఆ మీటరు సగం ఊడిన అద్దంతో దుకాణంలో అట్లాగే ఉంది. కాంట్రాక్టరు వచ్చి, "ఇంకో దిక్కు చేయించుకుంట, ఇయ్యండ్రి" అన్నాడు. పాపం, మర్యాదగానే అడిగాడు. వదిన ఇవ్వలేదు. "సగం లేసిన అద్దం. ఎవలు ముట్టుకున్నా గదే అయితది. జర ఆగుండ్రి" అని చెప్పి పంపించింది. మీటరు తెచ్చుకొని అన్న మంచం ముందరే కూర్చుంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"తీసెయ్ దాన్ని" అన్నాడు అన్న. "నా కన్ను తిన్నది సాలదా?"

"ఇంకొకల కన్ను తినకుంట చేస్త. ఎట్ల తియ్యాల్నో చెప్పుండ్రి."

"నేను చెప్ప. నువ్వు ముట్టకు."

"చెప్పకుంటే నాకు తోచినట్ల తీస్త."

మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేసింది. పెంకులు ఎగరకుండా పాత పేపరు ముక్క అద్దం మీద అంటించి, ఆరేదాకా కదలకుండా కూర్చుంది. ఆ ఉపాయం ఆమెకు ఎవరూ చెప్పలేదు. తర్వాత కొంగు ముఖానికి చుట్టుకొని స్క్రూడ్రైవర్ అందుకుంది. అది రింగుకు తగిలిన చప్పుడు వినగానే అన్న ఇటు తిరిగాడు.

"ఒక్కకాడనే లేపకు! చుట్టూత కొంచెం కొంచెం లేపు. మొకం పక్కకు పెట్టు. పక్కకు పెట్టమంటే ఇనవేందే!"

అన్ని రోజుల్లో అన్న నోటి నుంచి అన్ని మాటలు రావడం అదే మొదలు. రింగు ఊడింది. పెంకులన్నీ కాయితానికి అతుక్కొని ఒక్క ముక్కలా లేచి వచ్చాయి. వదిన వాటిని బట్టలో మూటకట్టి పెరట్లో లోతుగా పూడ్చి వచ్చింది. వచ్చేసరికి అన్న ఏడుస్తున్నాడు. అన్నం కలిపి తెచ్చి చేతికిచ్చింది. తిన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ పని పంచుకున్నారు. "ఆడామె చేతికా బండి?" అన్నవాళ్లు మొదట్లో ఉన్నారు. వదిన వాదించేది కాదు. ముందు చక్రం లేపి పట్టుకొమ్మనేది. "పగిలింది అద్దమే. మీటరు సంగతి ఇంకా తెల్వది" అనేది. చక్రం చేత్తో గిరగిరా తిప్పితే ముల్లు కదిలిందా, అద్దం మార్చి పంపొచ్చు. కదలకపోతే మీటరుకు పోయే కేబుల్ కింది కొస విప్పి, లోపలి తీగను వేళ్లతో తిప్పేది. ముల్లు ఉలిక్కిపడితే లోపం చక్రం దగ్గర. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే మీటరు విప్పి అన్న ముందు పెట్టేది. లోపలి పని అన్న తన ఎడమకంటికి భూతద్దం పెట్టుకొని చేసేవాడు. వానాకాలంలో పగులులోంచి నీళ్లు దిగి అంకెల పలక తడిస్తే ఎండలో పెట్టనిచ్చేది కాదు. "రంగు పోతది. నీడల ఆరనియ్యుండ్రి, తొందరేమున్నది?" అనేది.

ఆమెకు భయమంతా కిందపడిన పెంకుల మీదే. దుకాణం తానే ఊడ్చుకునేది, ఎవరినీ వట్టికాళ్లతో లోపలికి రానిచ్చేది కాదు. ఒకసారి మా ఇంట్లో నా బిడ్డ లాంతరు చిమ్నీ పడేసింది. "కదలకు!" అని వదిన అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించింది. పిల్లను ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి, అరికాళ్లు రెండూ తడిమి చూసి, తిట్టి, ముద్దుపెట్టుకుంది. ఇదంతా ఒక్క ఊపిరిలో చేసింది. అంత తొందర మనిషి పోవడంలో కూడా తొందరపడుతుందని నేను అనుకోలేదు.

వదిన పోయిన మూడోనాడు వాన పడి వెలిసింది. హవేలిఘనపూర్ నుంచి ఒక రైతు మోటార్ సైకిల్ మీద అన్నవాళ్ల ఇంటికి వచ్చాడు. మీటరు చుట్టూ తువ్వాల కట్టి ఉంది. "అక్కా, జర చూస్తవా" అంటూ దిగినవాడు, గోడ దగ్గర దీపం, పక్కన తల వంచుకొని కూర్చున్న అన్నను చూసి ఆగిపోయాడు. అతనికి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

"అంగట్ల కలిసింది గదనే మొన్న... మంచిగ మాట్లాడింది" అన్నాడు. అన్న పక్కన గచ్చు మీద కూలబడ్డాడు.

కొంతసేపటికి లేచి అన్న భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు. ఆ వాకిట్లో బండి స్టార్ట్ చెయ్యలేదు. హ్యాండిల్ పట్టుకొని, బురదలో కాళ్లు జారుతున్నా వంగి నెట్టుకుంటూ పోయాడు. సందు మలుపు తిరిగినా ఇంజను చప్పుడు వినిపించలేదు. మేమంతా అటే చెవిపెట్టి కూర్చున్నాం. చాలాసేపటికి, బస్టాండుకు అవతల ఎక్కడో, ఒక బండి సన్నగా స్టార్టయింది.