ముందు వాకిలి

లండన్‌లో దొరలు తిరిగే సెయింట్ జేమ్స్ వీధిలో థామసిన్ ఒక అద్దె ఇంట్లో చాక్లెట్ దుకాణం పెట్టింది. భర్త పోయాక కోకో గింజలు తనే వేయించి, తనే నూరి, పాలూ గుడ్డు సొనా కలిపి చిలికి, వచ్చినవాళ్లకు వేడివేడిగా పోసేది. ఆ రుచి మరిగిన దొరలు చివరికి ఇంటి యజమానిని బుట్టలో వేసుకుని, దుకాణాన్ని తమ సొంత క్లబ్బుగా మార్చుకున్నారు.

మర్నాడు ఆమె ముందు గుమ్మం ఎక్కబోతుంటే వాళ్ల పెత్తందారు స్పెన్లో అడ్డం నిలబడ్డాడు.

"ఇకమీదట ఆడవాళ్లు ఇటు రాకూడదమ్మా. వెనక వంటింటి దారి ఉందిగా. నీ పని నీదే, ఎవరూ కాదనరు."

"నేను పెట్టిన చోటికి నేనే దొడ్డిదారిన రావాలా? ఇన్నాళ్లూ నా చేతి చాక్లెట్ తాగిన నోటితోనే ఆ మాట అంటున్నావా?"

"కేకలెందుకు? లోపల పెద్దమనుషులున్నారు."

"ఉంటే విననీ!"

ఒళ్లు మండిపోయి థామసిన్ అతన్ని పక్కకు నెట్టి లోపలికి నడిచింది. పొయ్యి మీద కాగుతున్న రాగి పాత్ర ఎత్తి, అందరూ చూస్తుండగా చాక్లెట్ మొత్తం నిప్పుల్లో గుమ్మరించింది. హాలంతా పొగ, మాడు కంపు. దగ్గుతూ లేచిన దొరల మధ్య నుంచి, నూరే రాతిని చంకనెత్తుకుని, ముందు వాకిలి గుండానే బయటికొచ్చింది.

క్లబ్బేమీ మూతపడలేదు, ఇంకో వంటవాణ్ణి పెట్టుకున్నారు. థామసిన్ చేపల రేవు దగ్గర బండివాళ్లకు పలచని చాక్లెట్ పోస్తూ బతికింది. ఎవరైనా ఆ వీధి పేరెత్తితే మాత్రం, ముసలితనంలో కూడా, తుపుక్కున ఉమ్మేసేది.