మా మేనత్తకు చెప్పలేకపోయిన సాక్ష్యం

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను వనపర్తి దగ్గరి బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. చేసింది ఆమె కూతురు, నా మరదలు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది పిల్లకు. "బావా, అమ్మ పోయింది. గద్వాల దవాఖానలనే, పొద్దున. రేపు పదకొండు గంటలకు మట్టి. సాక్ష్యం నువ్వే చెప్పాలె, యాదుంది గద? పాస్టరుకు గూడ చెప్పిన." సరేనన్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి మరీ బయటికి వచ్చాను. ఎందుకు పూర్తి చేశానో నాకే తెలియదు.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా చావుల్లో మట్టి వేసే ముందు ఒకరు లేచి, పోయిన మనిషి ఎట్లా బతికిందో నలుగురిలో చెబుతారు. చివరిసారి దవాఖానకు పోయినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. "పాస్టరు నన్ను దేవతను చేస్తడు. నా తిట్లు చెప్పడు, నా కొట్లాటలు చెప్పడు. నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తవ్ అల్లుడా. నీ మొకం అందరికి కనవడేటట్టు నిలవడి చెప్పాలె." చెప్త అత్తా అన్నాను. అందరికీ కనబడేటట్టు నిలబడటమే నాకు భయమని మాత్రం చెప్పలేదు.

నా ఉద్యోగం ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చింది. క్రైస్తవుడినని కాగితం మీద పడితే ఆ సర్టిఫికెట్ నిలవదు. అందుకే మాలో కొందరికి రెండు బతుకులు. కాగితంలో ఒకటి, ఆదివారం ఇంకొకటి. నా భార్య ఆరు రోజులు బొట్టు పెట్టుకుంటుంది, ఏడో రోజు కడుక్కుంటుంది. మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని చోటు కావాలని కొల్లాపూర్ దాకా పోయి అక్కడి చర్చిలో ఆఖరి వరుసలో కూర్చుంటాం. ఈ రాత కింద కూడా నా పేరుండదు. పండక్కి ఊరికి పోతే అత్త అందరి ముందూ అనేది, "మా అల్లుడు ఆఖరి పాటకు వస్తడు, కూసోకముందే పోతడు" అని. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, ఏం చేస్తాను!

ఆమెకు మాత్రం ఒక్కటే బతుకు. చదివింది నాలుగో తరగతి. ఎమ్మార్వో ఎదురైనా, ఎస్సై ఎదురైనా, "వందనాలు సారూ" అనేది, చర్చి గుమ్మంలో నిలబడి అన్నట్టే. నమస్తే అంటే సరిపోతుంది కదా, ఎందుకీ పరేషానీ అని నేనొకసారి కసిరితే నా మీదికి లేచింది. "దేవుణ్ణి గుట్క లెక్క దవడకు దాసుకుంటర్రా ఎవరన్న? ఉంటె బైట ఉండాలె, లేకుంటె ఉమ్మెయ్యాలె."

మా ఇటిక్యాల దిక్కు విత్తనపత్తి వేస్తారు. పూత మీదున్న నెలల్లో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేత్తో అద్దాలి. ఆ పనికి చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లలను బడి మాన్పించేవాళ్లు. అప్పుడు అత్త ఊరి మహిళా సంఘానికి లీడరు. ఒక ఏడాది చేను చేనూ తిరిగి పిల్లలను పనిలోంచి లేపి బడికి తీసుకొచ్చింది. మొట్టమొదట ఎవరి చేనుకు పోయిందనుకున్నారు? మా చర్చి సంఘపెద్ద చేనుకు! "ఆదివారం మొకాలు చూసుకునేది లేదా చెల్లె?" అని ఆయన నిలదీశాడు. "చూసుకోవాలనే వచ్చిన అన్నా. మన వాకిలి ఊడ్సుకోకుండ పక్కింటోళ్లకేం చెప్తం?" అన్నది. ఆయన రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఈమె మాత్రం ప్రతి ఆదివారం ఆయనకు వందనాలు చెప్పేది, అందరికంటే కొంచెం గట్టిగానే.

సంఘపెద్ద చేనుకు పోయిన మరుసటి రోజు ఒక రైతు, చేనులో పనిచేస్తున్న తన బిడ్డను బడికి పంపనని ముల్లుగర్ర ఎత్తాడు. అత్త వెళ్లి సాలులో చతికిలబడింది. "కొట్టన్న, కొట్టు. కొట్టినంక పిల్లను బడికి తోలు" అన్నది. ఎంతసేపని కర్ర ఎత్తి పట్టుకుంటాడు? దించాడు. ఆ పిల్ల పుస్తకాల సంచి అత్త తన భుజానికే వేసుకుని బడి దాకా నడిచింది.

తర్వాత కొన్నేళ్లకు మా ఊరి సర్పంచి స్థానం ఎస్సీ మహిళకు వచ్చింది. ఊరు ఊరంతా, ఆ ముల్లుగర్ర ఎత్తినాయనతో సహా, నువ్వే నిలబడాలన్నారు. నిలబడాలంటే ఎస్సీ సర్టిఫికెట్ కావాలి. తహసీల్ ఆఫీసు నుంచి విచారణకు వస్తున్నారని తెలిసి నేను బొట్టుబిళ్లల ప్యాకెట్ ఒకటి కొనుక్కుని పోయాను.

"ఒక్క పూట పెట్టుకో అత్తా. సారు పోంగనే తీసెయ్యి."

ఆమెకు కోపం వస్తే బాగుండేది. రాలేదు. ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి నా జేబులో పెట్టింది. "బొట్టు చెడ్డదని అంటలేను బిడ్డా. పక్కింటి వదిన మొకానికి ఎంత కళ ఉంటది! నేను పెట్టుకుంటె అబద్దమైతది, గంతే. నీ పెండ్లానికి ఇయ్యిపో."

వచ్చిన అధికారి మంచివాడే. గుడికి పోతవా, చర్చికి పోతవా అని అడిగాడు. "చర్చికి పోత సారూ" అన్నది. ఆయన పెన్ను ఆపాడు. "జర ఆలోచించి చెప్పమ్మా. ఊరంత నిన్నే అనుకుంటుండ్రట గద."

"మూడుసార్లు అడిగిన గదే చెప్త సారూ. అబద్దమాడి కుర్సీల కూసుంటె, రేపు ఊరికి నిజం ఎట్ల చెప్పాలె?"

నేనేమైనా దారి చూపిస్తానేమోనని ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమైతవయ్యా ఈమెకు?"

"ఊరోన్ని సార్" అన్నాను.

మేనల్లుణ్ణనే మాట కూడా నా నోట రాలేదు. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. అత్త లోపలికి పోయి జొన్నరొట్టె, పచ్చికారం తెచ్చి నా ముందు పెట్టింది. "తిను, ఊరోడా" అన్నది నవ్వుతూ. ఆ రొట్టె నేనెట్లా మింగానో!

సర్టిఫికెట్ రాలేదు. వేరే ఆమె గెలిచింది, ఆమె తరపున భర్త మాట్లాడతాడు. మళ్లీ పత్తి పూతకొచ్చింది, మళ్లీ పిల్లలు చేలకు పోయారు. అత్త మోకాళ్ల నొప్పులతోనే చేల వెంట తిరిగింది. నువ్వేమన్న సర్పంచివా అని ఒకరిద్దరు ముఖం మీదే అన్నారట. "కుర్సి లేకుంటె కాళ్లు పోయినయా?" అని ఆమె నాతో ఫోన్లో నవ్వింది. ఆ ఏడాది ఇద్దరు పిల్లలను మాత్రమే తేగలిగింది. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఎంతమందిని తెచ్చేదో అని నేను ఇప్పటికీ లెక్కేస్తుంటాను. ఒక్క నిజం చెప్పి ఉంటే నేనేమయ్యేవాడినో మాత్రం లెక్కేయను.

మట్టి రోజున పోయాను. సమాధుల తోట రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. చర్చి యువకులు ఫోన్లు ఎత్తి పట్టుకుని లైవ్ పెడుతున్నారు. పక్క మండలంలో ఒక ఉద్యోగి మీద ఇట్లాంటి వీడియోతోనే ఫిర్యాదు పోయిందని ఈ మధ్యే విన్నాను. మేనత్త చావుకు పోవడం నేరం కాదని నాకు తెలుసు. నా భయానికి తెలియదు. రోడ్డు మీదే బండి ఆపుకుని, హెల్మెట్ తీయకుండా నిలబడిపోయాను.

మైకులో పాస్టరు గారు, "మేనల్లుడు వచ్చి సాక్ష్యం చెప్తారు" అన్నారు. కాసేపు ఆగి మళ్లీ పిలిచారు. నేను హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాను. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు కళ్ల ముందు తిరిగారు, వాళ్ల చదువులు, నా జీతం. మూడోసారి పిలిచేలోపు జనంలోంచి ఒకామె లేచి మైకు తీసుకుంది. నుదుటన బొట్టు, చంకలో బిడ్డ. ఆ ముల్లుగర్ర ఎత్తినాయన కూతురు. ఇప్పుడు దవాఖానలో నర్సు.

"నాకు మీ పాటలు రావు, మీ దేవుడు గూడ సక్కగ తెల్వదు. ఈ అత్తమ్మ తెలుసు. నాయిన కొడ్తనంటె సాళ్ల కూసుంది. నా సంచి మోసింది. తోవ పొడుగునా తిట్టుకుంట మోసింది." జనం ఏడుస్తూనే నవ్వారు. అత్త కావాలన్న మాటలు అవే. నా నోటి నుంచి రావాల్సినవి. సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ మట్టి వేస్తున్నారు. అప్పుడు మరదలు కొంగులో ఏదో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కొంగు విప్పి నా ముందు పట్టింది. పిడికెడు ఎర్రమట్టి.

"లోపటికి రాకులే బావా, నాకెర్కే. నువ్వు చెయ్యి ముట్టియ్యి, నేనేస్త."

హెల్మెట్ తీయకుండానే ఆ మట్టి మీద చెయ్యి పెట్టాను. ఆమె కొంగు మడిచి, మట్టి కింద పడకుండా రెండు చేతులతో పట్టుకుని, గుంట వైపు నడుచుకుంటూ వెళ్లింది.