పులిహోర గరిటె, పలకని వైఫై

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. సరే, నవ్వినా పర్వాలేదు లెండి. ఆళ్ళగడ్డలో మా మేనత్త ఇప్పటికే నవ్వీ నవ్వీ పళ్ళసెట్టు ఊడి ఒళ్ళో పడేదాకా నవ్వింది. ఇంక మీరెంత! నెట్ కంపెనీ వాళ్ళకు అంతుపట్టని రిపేరు ఎనభై రెండేళ్ళ మా అత్త అరనిమిషంలో చేసింది. ఆ రిపేరు అవసరమయ్యేంత ఘనకార్యం చేసిందెవరో మాత్రం చివర్లో చెప్తాను. నాకూ కొంచెం సిగ్గుంది కదా.

ముందు ఫోటో సంగతి చెప్పాలి.

పోయిన నెల మా దేవుడి గదిలో లక్ష్మీనరసింహస్వామి పటానికి అద్దం పగిలింది. మా జేజి, అంటే నాయనమ్మ, పూజ చేసుకున్న పటం అది. నంద్యాల బజారులో పటాలు కట్టే అంగడికి తీసుకుపోతే, ఆయన వెనక అట్ట ఊడదీసి, "అమ్మా, స్వామి వెనక ఇంకో ఫోటో ఉండాది, చూసుకోండి" అన్నాడు. నలుపు తెలుపు ఫోటో. ఆళ్ళగడ్డలో మా నాయన వాళ్ళ అంగడి ముందర ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్నది. అంటే ఇన్నేళ్ళూ స్వామికి ఇచ్చిన ప్రతి హారతీ మా అందరికీ తగిలిందన్నమాట! అంగట్లోనే కళ్ళు తుడుచుకున్నాను.

మా ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి పెండ్లి ఎప్పుడైందో రాసిపెట్టుకునే పని నాది. ఫోటోలో ఉన్న పద్నాలుగు మందిలో పన్నెండు మంది పేర్లు గబగబా రాసేశాను. ఇద్దరే మిగిలారు. కుడివైపు చివర ఒక సన్నటి ఆమె, ఆమె చంకలో ఏడుపు ముఖం పెట్టుకున్న చిన్నపిల్ల. ఎవరీమె? ఎవరి బిడ్డ?

చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. మా మేనత్త, నాయన చెల్లెలు. ఆమెను ఇచ్చింది కూడా ఆళ్ళగడ్డలోనే. అయితే అత్తకు మతిమరుపు మొదలైంది. పొద్దున కాఫీ తాగాక ఓ రెండు గంటలు బాగుంటుంది. మధ్యాహ్నం తిని, పడుకుని లేస్తే ఇంక ఎవరినీ గుర్తుపట్టదు. ఆ రెండు గంటలు కూడా వారం వారం తగ్గుతున్నాయని కోడలు సరోజ చెప్పింది. ఒకరోజు ఫోన్‌లో నన్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఆ ఇద్దరి పేర్లూ అత్త తలలో తప్ప ఇంకెక్కడా లేవు. అక్కడి నుంచి కూడా జారిపోతే ఎవరిని అడగాలి?

ఫోటోను సరోజ ఫోన్‌కు పంపాను. అత్త చూసి, "చీమలు బారుగా పోతాండాయి" అనిందట. సరోజ వాళ్ళ ఇంట్లో పెద్ద టీవీ ఉంది. ప్రతి ఆదివారం కూతురితో వీడియో కాల్ అందులోనే. ఆమెకు వచ్చిన టెక్నాలజీ అంతా అదొక్కటే. అందుకని ఇద్దరం ప్లాన్ వేసుకున్నాం. మా ఆయన విత్తనాల అంగడి బిల్లుల కోసం కొన్న ల్యాప్‌టాప్‌లో నేను ఫోటో పెద్దది చేసి, ఒక్కొక్క ముఖమూ చూపిస్తాను. అత్త టీవీలో చూసి చెప్తుంది. ఆ నెలలోనే స్వాతి నక్షత్రం రోజు, పొద్దున పదింటికి ముహూర్తం.

స్వాతి నరసింహస్వామి నక్షత్రం. ఆ రోజు నేను మడి కట్టుకుని పానకం, వడపప్పు, పులిహోర చేస్తాను. మడిలో ఉంటే నైవేద్యం అయ్యేదాకా బయటి వస్తువేదీ ముట్టుకోను. మా ఆయనేమో ల్యాప్‌టాప్‌లో వార్తలు పెట్టి, దాన్ని భోజనాల బల్ల మీద వదిలేసి స్నానానికి పోయాడు. నలుగురు కూర్చుని ఒకేసారి అరుస్తున్నారు. ఇక్కడ నేను స్వామి ముందర కళ్ళు మూసుకుంటే అక్కడ "మీరు సమాధానం చెప్పండి! సమాధానం చెప్పండి!" అని గర్జన. స్వామికే భయం పుట్టేటట్టు ఉంది.

"ఏమండీ, దాన్ని ఆపండి!" అన్నాను.

"తలకు సోపు పెట్టుకోనుండా!" అని స్నానాల గదిలోంచి జవాబు.

ఏదో తిప్పలు పడి నేనే ఆపుకున్నాను లెండి. పది అంకెలు లెక్కపెట్టేలోగా నలుగురికీ నోళ్ళు మూతబడ్డాయి. స్వామి దయ అనుకుని నైవేద్యం పెట్టాను.

తొమ్మిదిన్నరకు మడి విడిచి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. వైఫై లేదు!

మామూలుగా అయితే మా వైఫై, పక్కింటి వాళ్ళది, వెనక వీధి వాళ్ళది, అన్నీ వరసగా కనపడతాయి. ఆ రోజు ఒక్కటీ లేదు. కింద మూలన చిన్న విమానం బొమ్మ మాత్రం ఉంది.

మా ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఈ ఇమానం ఏంది? నొక్కి చూద్దునా?" అన్నాడు.

"వద్దండీ! ముట్టుకోవాకండి!" అని చెయ్యి పట్టుకున్నాను. ముందు వారమే కాశీకి విమానం టికెట్లు ఎంతున్నాయో ఇద్దరం చూశాం. అప్పటినుంచి ఎక్కడ తెరిచినా విమానాలే వస్తున్నాయి. "అది కాశీ టికెట్లది. వేలు తగిలిందంటే బుక్కయిపోతుంది" అని చెప్పి, విశ్వనాథుడు గుర్తు చేస్తున్నాడు కాబోలని ఆ బొమ్మకు ఒక దండం కూడా పెట్టాను. దండం పెట్టానండీ! ఆ బొమ్మకు!

తర్వాత నెట్ ఆఫీసుకు ఫోన్ చేశాను. "రౌటర్ ప్లగ్గు తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టండమ్మా" అన్నాడు. రౌటర్ బీరువా మీద ఉంటుంది, దసరాకు నేను పెట్టిన కుంకుమ బొట్టుతో సహా. మా ఆయన స్టూలెక్కి ప్లగ్గు తీశాడు. నేను గడియారం చూడకుండా నరసింహ నామం ముప్పై సార్లు అనుకున్నాను. ప్లగ్గు పెట్టాడు. దీపాలన్నీ వెలిగాయి. ల్యాప్‌టాప్ మాత్రం కన్నెత్తి చూడలేదు. ఆపి, మళ్ళీ పెట్టి చూశాం. అదే వరస.

మళ్ళీ ఫోన్ చేశాను. "ఫోన్‌లో నెట్ వస్తాందామ్మా?"

"వస్తాందప్పా."

"అట్లయితే మా లైన్ బాగుండాది. ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు కనపడతాందా?"

"లేదప్పా" అన్నాను. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలని మా జేజి నేర్పింది. విమానం గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"సరే, మనిషిని పంపుతాం, మధ్యాహ్నానికి వస్తాడు."

మధ్యాహ్నమా! మధ్యాహ్నానికి అత్త ఎక్కడుంటుంది?

పదింబావుకు సరోజ ఫోన్. "అక్కా, అత్త కాఫీ తాగి టీవీ ముందర కూచోనుండాది. ఇంగెంతసేపు?" అప్పుడు నాకో తెలివి పుట్టింది. ఫోన్‌లో వీడియో కాల్ చేసి, ఫోన్‌ను ల్యాప్‌టాప్ ఎదురుగా పట్టుకున్నాను. అవతల అత్త కాసేపు తదేకంగా చూసి, "ఫ్యాను తిరుగుతాంది సరోజా. ఎవరింట్లో పెండ్లి?" అంది. ఫోటో మీద మా హాల్లో ఫ్యాన్ నీడ పడుతోంది మరి! ఫ్యాన్ ఆపితే ట్యూబ్‌లైటు. అది ఆపితే మా ఆయన బట్టతల.

మా ఆయన చిన్నగా, "పోనీ ఆ ఇమానం..." అన్నాడు.

"మీరు ఊరుకోండి!" నేను గొంతు పెంచడం మా ఇంట్లో అరుదు. పాపం, ఆయన స్టూలు మీదే కూర్చుండిపోయాడు.

పదకొండు కావస్తోంది. ఇంక ఆగలేకపోయాను. ల్యాప్‌టాప్‌ను తుండుగుడ్డలో చుట్టి, నైవేద్యం పెట్టిన పులిహోర డబ్బాలో వేసి, రెండూ ఒకే సంచిలో పెట్టుకున్నాను.

"యాడికి పోతాండావ్?"

"ఆళ్ళగడ్డకు. అత్తను పడుకోనివ్వొద్దని సరోజకు చెప్పండి."

గంటసేపటి బస్సు ప్రయాణం. సంచిని ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆమె "ఏం తీసకపోతాండావమ్మా అంత బద్రంగా?" అని అడిగితే, "మా వాళ్ళందరినీ" అన్నాను. ఆమె కొంచెం అటు జరిగి కూర్చుంది. దారి పొడుగునా ఒకటే బాధ. గంట దూరం! ఈ గంట దూరానికి మూడు నెలలుగా బద్ధకించి, వారానికోసారి వీడియోలో ముఖం చూపించి, అత్తను చూసినట్టే లెక్క వేసుకున్నాను కదా.

పోయేసరికి పన్నెండు దాటింది. అత్త మంచం మీద కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా?" అంది.

సరోజ నా వైపు చూడలేక వంటింట్లోకి పోయింది. నేను డబ్బా మూత తీసి, "ప్రసాదం తిను అత్తా" అని చేతిలో పెట్టాను. ఒక ముద్ద తింది. నమిలింది. ఇంకో ముద్ద తింది.

"ఇంగువ శానా ఏసినావు. మీ జేజి మాదిరే" అని, తల పైకెత్తి, "పద్మా, నువ్వామే? ఎప్పుడొచ్చినావు?" అంది.

డబ్బా పక్కన పెట్టి తుండుగుడ్డ విప్పాను.

అత్త ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టి ఫోటో తెరిచాను. ఎదురుగా ఉంటే దీనికి నెట్టే అక్కర్లేదు, గమనించారా? నేను అప్పుడు గమనించాను. అత్త నూనె వేళ్ళతో ఒక్కొక్క ముఖాన్నీ తడుముతూ పోయింది. అబ్బ అంటే మా తాత, జేజి, నాయన. చివరికి ఆ సన్నటి ఆమె దగ్గర వేలు ఆగింది.

"హుసేనమ్మ" అంది, నిన్ననే చూసినట్టు. "మన అంగట్లో శెనక్కాయలు ఒలిచేది. ఎంత మంచి మనిషో."

"ఆమె చంకలో పిల్ల ఎవరత్తా?"

"ఎవరేంది? నువ్వే కదమే!"

చూడండి నా గొప్ప! మూడు తరాల వాళ్ళ పేర్లు రాసిపెట్టుకున్న దాన్ని, నా ముఖం నాకు తెలియలేదు.

హుసేనమ్మ దగ్గర నేనెందుకున్నానని అడగబోయాను. అంతలో అత్త చూపు కిందికి దిగి మీటల మీద పడింది. "ఈడ పసుపు ఉండాదే! దీనిక్కూడా పూజ చేసినావా?"

చూశాను. పైవరసలో ఒక మీట మీద పచ్చగా పసుపు మరక. ఆ మీట మీద బుల్లి విమానం బొమ్మ.

పొద్దున వార్తలు ఆపిందెట్లా అనుకున్నారు? మడిలో ఉన్నాను, చేత్తో ముట్టుకోకూడదు. పులిహోర కలిపిన చెక్క గరిటెను తిరగేసి, కాడతో పైవరసలో సౌండు మీట అనుకున్నదాన్ని నొక్కాను. సౌండు ఆగింది. ఎందుకాగింది? నెట్ ఆగింది కాబట్టి! గంటన్నర సేపు రౌటర్‌ను, కంపెనీని, మొగుణ్ణి, అందరినీ అనుమానించాను. నేరం చేసిన గరిటె వంటింట్లో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది.

వేలితో ఆ మీట నొక్కాను. మూలన విమానం ఎగిరిపోయింది. ఆళ్ళగడ్డ వైఫైలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

అత్తకు జరిగింది చెప్పాను. అప్పుడు నవ్వింది చూడండి, పళ్ళసెట్టు ఒళ్ళో పడింది. దాన్ని మళ్ళీ పెట్టుకుని, నెమ్మదిగా అంది: "మడి అని గంటెతో ముట్టుకున్యావా పిచ్చిదానా! మడి అంటే మీ జేజిది. నీడ పడినా తలకు పోసుకునేది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు జరమొచ్చి పాలు ల్యాకపాయ. నువ్వు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మీ జేజి మడి చీరతోనే వీధిలోకి పోయి, హుసేనమ్మను చెయ్యి పట్టుకోని నడింట్లోకి తీసకొచ్చి కూచోబెట్టింది. మూడు నెలలు పాలిచ్చింది ఆ యమ్మ. మీ అమ్మకు నామోషీ, అందుకే నీకు ఎవురూ చెప్పల్యా."

అత్త మళ్ళీ అంది: "ఫోటో తీసే ఆయప్ప హుసేనమ్మను పక్కకు జరగమన్యాడు. మీ జేజి ఒప్పుకోల్యా. బిడ్డ యాడుంటే ఆమె ఆడుంటాది అనింది."

ఆ ఫోటోనే జేజి స్వామి వెనక దాచుకుంది. రోజూ మడి కట్టుకుని హారతి ఇచ్చింది.

అప్పుడే మా ఆయన ఫోన్. "పద్మా, నెట్ మనిషి వచ్చినాడు. రౌటర్ ఇప్పి చూస్తాండాడు."

"పంపించేయండి. బాగైపోయింది."

"ఆళ్ళగడ్డలో కూచోని ఎట్లా బాగు చేసినావు?"

"నేను కాదు, అత్త బాగు చేసింది" అన్నాను. ఏమైందో చెప్పాను. అంతా విని, "ఇమానం నొక్కుదామని నేను ఎన్నిసార్లు చెప్పినా?" అన్నాడు. రెండుసార్లు. లెక్క నాకూ తెలుసు.

ఫోటో కింద పద్నాలుగు పేర్లూ రాసి, దాన్ని స్వామి పటం వెనక కాకుండా పక్కనే పెట్టాను. మీట మీద పసుపు మాత్రం తుడవలేదు, ఉండనీ.

ఈ నెల స్వాతికి మళ్ళీ అదే కథ. నేను మడిలో, ఆయన స్నానాల గదిలో, బల్ల మీద నలుగురి అరుపులు. గరిటె వైపు చూశాను. హుసేనమ్మ గుర్తొచ్చింది. గరిటె పక్కన పెట్టి, పులిహోర కలిపిన చేత్తోనే ధైర్యంగా నొక్కేశాను. సౌండు ఆగింది. స్వామి కూడా ఏమీ అనలేదు. అయితే ఒక మీట బదులు నాలుగు మీద చెయ్యి పడినట్టుంది. నైవేద్యం అయ్యాక చూస్తే స్క్రీన్ మొత్తం తలకిందులైంది!

"ఎవరినన్నా పిలిపిద్దామా?" అన్నాడు మా ఆయన, మెడ వంచి చూస్తూ.

"ఎందుకండీ? అత్త ఉంది కదా" అని, పులిహోరలో ఇంకొంచెం ఇంగువ వేసి డబ్బాకెత్తుకుని బస్సెక్కాను.